ఆకు విరిగిన చక్రం

జడ్చర్లలో ఇల్లు దొరికిందని చెప్తే మా బాపు ఫోన్‌లో మొదట అడిగిన మాట, ఎవరి ఇల్లు అని. కిరాయి ఇల్లు అన్నాను. అది కాదు, ఎవరిది అని మళ్ళీ అడిగాడు. ఆయన అడుగుతున్నది పేరు కాదని ఇద్దరికీ తెలుసు. కిరాయికి ఇచ్చేవాళ్ళది అన్నాను. ఆ తర్వాత నెల రోజులు మా ఇద్దరి మధ్య వానలు, పత్తి తప్ప వేరే మాట నడవలేదు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది సంగతి ఇది. మాది రామన్నపేట పక్క ఊరు. జడ్చర్ల దగ్గర మందు గోలీలు తయారుచేసే కంపెనీలో, పొడులు పరీక్ష చేసే సెక్షన్‌లో నాకు ఉద్యోగం వచ్చింది. ఒంటరి ఆడదానికి గది ఇవ్వాలంటే హైవే పక్క కాలనీల్లో వంద ప్రశ్నలు. పెండ్లయిందా, కాలేదా, కాకపోతే ఎందుకు కాలేదు, ఎవరెవరు వస్తారు. మిల్లు వాడలో ఒక ముసలావిడ మాత్రం ఒక్కటే అడిగింది, నీళ్ళు పైకి మోసుకోగలవా అని. మోసుకుంటానన్నాను. మిద్దె మీది అర్ర నాదైంది.

మిల్లు వాడ దుందుభి వాగు గట్టు మీద ఉంటుంది. అందరం వాగు అంటాం కానీ కాగితాల మీద అది నది. ఏడాదిలో పది నెలలు ఇసుక, రెండు నెలలు నీళ్ళు. ఆ గట్టు వెంట ఒకప్పుడు పల్లినూనె మిల్లులు, పత్తి జిన్నింగు మిల్లులు వరుసగా ఉండేవట. నేను వచ్చేసరికి మిగిలింది ఒక పొగగొట్టం, కప్పు లేని గోదాములు, వాటి నిండా సర్కారు తుమ్మ. పెద్ద నూనె మిల్లు మూతబడి అప్పటికే చాలా ఏండ్లయింది. అయినా ఆ వాడలో దారి అడిగితే లేనివాటి పేర్లే చెప్పేవాళ్ళు. రెండో గేటు దాటి, కాంటా కాడ మలిగి, బాయిలర్ వెనకకు రావాలె. గేటు ఉండదు, కాంటా ఉండదు, బాయిలర్‌ను ఎప్పుడో ముక్కలు చేసి అమ్ముకున్నారు. మొదటి వారం నేను ఆటో అతనితో రోజూ పోట్లాడాను. పాపం, అతనిది ఆ వాడ కాదు.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక పిచ్చి ఉంది. పాడుబడ్డ చోటు కనబడితే లోపలికి పోకుండా ఉండలేను. ఆదివారం వచ్చిందంటే కాలికి బలపం కట్టుకొని ఆ గోదాముల్లో తిరిగేదాన్ని. ఎండాకాలం గోడకు చెయ్యి ఆనిస్తే ఇంకా జిడ్డు అంటుకునేది. అన్నేండ్ల నూనె ఇటుకల్లోకి ఇంకిపోయింది. సైరన్ స్తంభం మీద పక్షి గూడు పెట్టింది. ఒక గదిలో గోడ పొడుగునా బొగ్గుతో గీసిన నిలువు గీతలున్నాయి, ఎవరు ఏం లెక్కపెట్టుకున్నారో తెలియదు. అక్కడ నిలబడితే నాకు ఏడుపొచ్చేది. నాది కాని మిల్లు, నేను చూడని మిల్లు, అందులో నాకేం పోయిందని ఏడుపు? కానీ వచ్చేది. ఎంతమంది వేళకు లేచి, వేళకు వచ్చి, చెమటోడ్చి పోయిన చోటు, ఇప్పుడు మేకలు తప్ప అడిగేవాళ్ళు లేరు.

తిరిగినప్పుడల్లా ఏదో ఒకటి ఏరుకొచ్చేదాన్ని. నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ, కరెంటు తీగలకు పెట్టే పింగాణీ గిన్నె, వేలంత మర. సంచిలో వేసుకొచ్చి కిటికీ గట్టు మీద వరుసగా పెట్టేదాన్ని. అలా ఒక వానకాలం ఆదివారం, వాగు ఒకసారి పొంగి తగ్గినాక, గట్టు మీద ముళ్ళలో ఒక ఇనుప చక్రం దొరికింది. అన్నం పళ్ళెమంత ఉంటుంది. బండి చక్రానికి ఉన్నట్టే మధ్యలో అయిదు ఆకులు, అందులో ఒకటి విరిగింది. అంచు చేతులు పట్టీ పట్టీ నున్నగా అరిగింది. నాకెంత నచ్చిందో చెప్పలేను. మోయలేక మోయలేక ఇంటికి తెచ్చి, తోమి, నీళ్ళ కుండ కింద కుదురుగా పెట్టుకున్నాను. కుండ దాని మీద కొలిచి చేసినట్టు కూర్చుంది.

ముసలావిడను నేను అవ్వా అని పిలిచేదాన్ని. ఆమె మోకాళ్ళు అరిగిపోయి మెట్లెక్కలేదు, అందుకని నా గది ఎప్పుడూ చూడలేదు. కళ్ళలో పొరలు. మనిషిని గొంతుతోనే గుర్తుపట్టేది. ఒక్కతే కూతురు, పట్నంలో ఉంటుంది, క్రిస్మస్‌కు వచ్చిపోతుంది. మిల్లులో అవ్వది గింజలు ఏరే పని. ముప్పై మంది ఆడవాళ్ళు వరుసగా కూర్చొని పల్లిగింజల్లోంచి పుచ్చులు, రాళ్ళు తీసేవాళ్ళట. రెండు చేతులూ ఒకేసారి ఆడాలి, కళ్ళు కాదు వేళ్ళు చూడాలి అని మేస్త్రీ చెప్పేవాడట. ఆ పని పోయి ఎన్నేండ్లయినా ఆమె వేళ్ళకు అలవాటు పోలేదు. బియ్యం, పప్పు, చింతపండు, ఏది చేతికిచ్చినా చూడకుండా ఏరేది. ఒకసారి పరీక్ష చేద్దామని గుప్పెడు మంచి పల్లీల్లో ఒక్క పుచ్చు గింజ కలిపి ఇచ్చాను. మాట్లాడుతూనే దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. నాతో పరాచికాలా అని నవ్వింది కూడా. పన్నెండున్నర సైరన్‌కు అన్నం తినే అలవాటు కూడా పోలేదు. సైరన్ లేకున్నా సరిగ్గా ఆ వేళకు కంచం ముందు కూర్చునేది. నాకు సెలవున్న రోజు నన్నూ కూర్చోబెట్టేది. మా బాపుకు ఆ సంగతి చెప్పలేదు.

అవ్వ పెనిమిటి అదే మిల్లులో బాయిలర్ మనిషి. పల్లిపొట్టుతో బాయిలర్ మండించడం, ఆవిరి వదలడం, ఆపడం ఆయన పని. పొట్టు కాలిన బూడిదను గట్టు మీద ఒక దిక్కు పోసేవాళ్ళు. ఆ బూడిద ఆయన ఊపిరితిత్తుల్లోకి పోయింది. మిల్లు మూతబడిన రెండేండ్లకు దగ్గీ దగ్గీ పోయాడు. గట్టు మీదనే వాళ్ళ చర్చి సమాధుల తోట. ఇసుక ఉన్న దిక్కు అప్పటికే నిండిపోయిందని, బూడిద దిక్కు తవ్వుదామని పెద్దమనుషులు అన్నారట. అవ్వ ఒప్పుకోలేదు. ఈ మాట నాకు చెప్పినప్పుడు ఆమె చేటలో కందిపప్పు ఏరుతోంది. ఏరడం ఆపింది.

"బతికినన్నొద్దులు బూడిదే మింగిండు. సచ్చినంక గూడ బూడిదలనే ఏస్తరా అని నలుగురితోని కొట్లాడిన. మంచి ఇసుకల పెట్టిచ్చిన బిడ్డా. నా జాగా గూడ ఆడనే ఉంది, ఆయన ఎడమ దిక్కు."

ఆమెకు ఆస్తి అంటే ఆ జాగానే. ఇల్లు కూతురిది, ఒళ్ళు దేవునిది, ఆ ఆరడుగులు మాత్రం నాది అనేది. చర్చిలో ప్రతి కొత్త పాస్టరయ్యకూ మొదటి రోజే ఆ మాట చెప్పిపెట్టేది.

ఈస్టర్ వచ్చింది. ఆ రోజు తెల్లవారగానే వాళ్ళంతా కొవ్వొత్తులు పట్టుకొని సమాధుల దగ్గరికి పోతారు. అవ్వను చెయ్యి పట్టుకొని నడిపించడానికి నేను పోయాను. గట్టు చూసి ఆమె వెంట వచ్చిన ఆడవాళ్ళు ఆగిపోయారు. ఇసుక ట్రాక్టర్లకు దారి కోసం ఎవరో జేసీబీ పెట్టి గట్టును అడ్డంగా కోశారు. ఆ మీద పోయిన వానకాలం వాగు పొంగింది. మట్టి కుప్పలు చదునైపోయాయి, ముళ్ళు మొలిచాయి. ఎవరి సమాధి ఎక్కడో తెలియకుండా ఉంది. అవ్వ మాత్రం భయపడలేదు. నాది దొరుకుతది, చక్రం చూడుండ్రి అంది.

ఏం చక్రం అని నేను అడిగాను. ఆమె నడుస్తూనే చెప్పింది. ఈ తోటలో చెక్క సిలువ పెడితే రెండేండ్లకు చెదలు తినేస్తాయి. రాయి చెక్కించే స్తోమత ఎవరికీ లేదు, పేరు చెక్కినా చదివేవాళ్ళు లేరు. అందుకని మిల్లు మనుషులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పోయినవాళ్ళు ఏ పని చేశారో ఆ పని ఇనుము ఒకటి తెచ్చి తల దగ్గర పాతుతారు. మిషను పట్టా తిప్పినవానికి కప్పీ, తూకం వేసినవానికి తూకపు గుండు, జల్లెడ పట్టినామెకు జల్లెడ చట్రం. అవ్వ పెనిమిటికి ఆవిరి వదిలే వాల్వు చక్రం. ఆయనే ఒకనాడు సుత్తితో కొట్టి దాని ఆకు ఒకటి విరగ్గొట్టుకున్నాడు. దానికి జీతంలో కోత కూడా పడింది. అందుకే అది ఆయనదేనని వాడకంతా ఎరుకే.

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వాళ్ళంతా ముళ్ళు తప్పించుకుంటూ వెతుకుతున్నారు. ఒకామె ఇక్కడ అంది, ఇంకొకామె వేపచెట్టు దగ్గర అంది, మూడో ఆమె విరిగిన గోడ దగ్గర అంది. అవ్వ వంగి వంగి నేలను చేతులతో తడుముతోంది. నేనూ వెతికాను. సిగ్గు లేకుండా, అందరితోపాటు వంగి, ఎక్కడుందో తెలిసిన దాని కోసం వెతికాను. ఎండెక్కింది, కొవ్వొత్తులు మెత్తబడ్డాయి. పాత ఇనుము ఏరుకునేవాళ్ళ పని అని ఎవరో అన్నారు. కాదు, ట్రాక్టరోళ్ళే అని ఇంకెవరో అన్నారు. అవ్వ నేల మీదనే కూర్చుండిపోయింది.

"ఎవరు తీస్కపోయిండ్రో, వాళ్ళ చేతులు పడిపోను," అంది.

ఆ రోజు పన్నెండున్నరకు ఆమె అన్నం తినలేదు. నేను పైన నా గదిలో కూర్చొని కుండ కేసి చూస్తున్నాను. దొంగకు తేలు కుట్టినట్టు మూడు రోజులు నోరు మెదపలేదు. కంపెనీకి పోయాను, వచ్చాను, కింద నుంచి పిలిస్తే తలనొప్పి అన్నాను. నిజం చెప్పాలంటే నాకు తప్పు చేశానన్న బాధ కంటే పట్టుబడతానన్న భయమే ఎక్కువ ఉండింది. ఇది రాసుకోవడానికి ఇన్నేండ్లు పట్టింది. నన్ను ఇల్లు ఖాళీ చేయమంటుందేమో, వాడంతా చేరి మొహాన ఉమ్ముతుందేమో, బాపుకు తెలిస్తే నీకు అట్లనే కావాలె అంటాడేమో. పక్కన పడేస్తే అయిపోతుంది కదా అని కూడా అనుకున్నాను. ఒక పొద్దున సంచిలో వేసుకొని గుమ్మం దాకా పోయాను కూడా.

నాలుగో రోజు సాయంత్రం తువ్వాలలో చుట్టి కిందికి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె తువ్వాల విప్పలేదు, పై నుంచే తడిమింది. బొటనవేలు నేరుగా విరిగిన ఆకు దగ్గరికి పోయి ఆగింది. నేను ఏడుస్తూ చెప్పుకున్నాను. సమాధి అని తెలియదు, పాత ఇనుమే అనుకున్నాను, కుండ కింద పెట్టుకున్నాను. తిడుతుందని చూశాను. ఆమె తన శాపం సంగతి ఎత్తనే లేదు. చాలాసేపు చక్రం అంచు నిమిరింది, ఆయన చేతులు పట్టిన చోట.

"ఏడ తీసినవ్ బిడ్డా?" అని మాత్రం అడిగింది.

అక్కడ దొరికిపోయాను. ఆ ఆదివారం నేను నాలుగు చోట్ల నాలుగు వస్తువులు ఏరాను. పింగాణీ గిన్నె ఒక దగ్గర, మరలు ఒక దగ్గర. చక్రం వేపచెట్టు కింద దొరికిందా, విరిగిన గోడ పక్క దొరికిందా? వెనక్కి వెనక్కి పోయి గుర్తు చేసుకున్నాను. ముళ్ళు గుర్తున్నాయి, తడి గుర్తుంది, చక్రం నచ్చిన సంతోషం గుర్తుంది. చోటు గుర్తు లేదు. పైగా జేసీబీ దాన్ని ముందే ఎక్కడికి నెట్టిందో ఎవరికి తెలుసు? తెలియదు అవ్వా అంటే సరిపోయేది. కానీ ఆమె పొరలు కమ్మిన కళ్ళు ఎత్తి నా మొహం వైపు చూస్తోంది, ప్రాణమంతా ఆ జవాబులోనే ఉన్నట్టు. గోడ కాడ అన్నాను.

మరునాడు పోయాం. గోడ పక్కన ఒక చోటు ఎంచి, పారతో మూరెడు గుంట తీశాను. ఇక్కడేనా అని అడిగింది. ఇక్కడే అన్నాను, గొంతు గట్టిగా చేసుకొని. తవ్విన మట్టి పిడికెడు ఇమ్మంది. ఇచ్చాను. బూడిద రంగులో ఉంది, వాగు ఒండ్రు కదా అనుకున్నాను. రోజంతా పొడులు పరీక్ష చేసే ఉద్యోగం నాది. ఆమె ఆ మట్టిని బొటనవేలుతో రెండు మూడుసార్లు నలిపింది. వాగు దిక్కు మొహం తిప్పింది. చెయ్యి దులుపుకుంది.

"సరే బిడ్డా. పెట్టు," అంది.

పాతి పెట్టాను. ఆ తర్వాత మూడు ఈస్టర్లు ఇద్దరం అక్కడికే పోయాం. ఆమె కొవ్వొత్తి వెలిగించి, చక్రం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకునేది. నేను పక్కన నిలబడేదాన్ని. మధ్యలో ట్రాక్టర్లు ఇసుకంతా ఎత్తుకుపోయాయి, వాగు అడుగున రాళ్ళు తేలాయి. నేను ఏరుకోవడం మానేశాను. కిటికీ గట్టు మీదివన్నీ తీసుకుపోయి మిల్లులో పెట్టొచ్చాను. తిరగడం మాత్రం మానలేదు, కానీ రెండు చేతులూ వెనక కట్టుకొని తిరిగేదాన్ని. అవ్వ నాతో ఎప్పటిలాగే ఉంది. అదే కూర, అదే పన్నెండున్నర. అంతా మరిచిపోయిందనే అనుకున్నాను.

కరోనాకు అన్నీ మూసిన ఏడాది ఈస్టర్ జరగలేదు. ఆ వారంలోనే అవ్వ నిద్రలో పోయింది. జబ్బేమీ కాదు, వయసు. కూతురు పట్నంలో చిక్కుకుపోయింది, రావడానికి బండి లేదు. ఫోన్‌లో ఏడ్చి ఏడ్చి, అమ్మను నాయిన పక్కకే పెట్టుండ్రక్కా, ఇంకేం అడగను అంది. పాస్టరయ్య, వాడలోని ఇద్దరు పనివాళ్ళు, నేను, ఇంకో నలుగురు. అంతే. చోటు తెలిసిన పాతవాళ్ళు ఎవరూ మిగల్లేదు. చూపించాల్సింది నేనే.

చక్రానికి ఎడమ దిక్కు చూపించాను. పైన జానెడు ఒండ్రు వచ్చింది. ఆ కింద పార దిగిన కొద్దీ నల్లటి మెత్తటి మట్టి. మోకాలి లోతుకు పోయేసరికి అది మట్టి కాదని నాకే తెలిసింది. కాలిన పల్లిపొట్టు పెళ్ళలు పెళ్ళలుగా లేస్తోంది. తవ్వేవాళ్ళ కాళ్ళు నల్లబడ్డాయి, మూతి గుడ్డల మీద దుమ్ము పేరుకుంది. ఒకతను పార ఆపి పైకి చూశాడు.

"మొత్తం బూడిదే ఎల్తాంది అక్కా. జాగా ఇదేనా?"

అప్పుడు ఆమె పిడికిలి నాకు గుర్తొచ్చింది. గుప్పెడు గింజల్లో ఒక్క పుచ్చును మాట్లాడుతూనే తీసిపెట్టిన వేళ్ళవి. ఇసుకకూ బూడిదకూ తేడా వాటికి తెలియకుండా ఉంటుందా? ఆయనను బూడిదలో వేయనివ్వనని ఊరితో కొట్లాడిన మనిషి, ఆ మట్టిని రెండు మూడుసార్లు నలిపి చూసి, సరే బిడ్డా పెట్టు అంది. నా అబద్ధాన్ని వేళ్ళతో పట్టుకుంది. పట్టుకొని నాకే వదిలేసింది. మూడేండ్లు ఆయన లేని చోట కొవ్వొత్తి వెలిగించింది, నా మొహం చూసి.

ఇప్పుడు కాదని చెప్పి ఏం చేయాలి? గట్టంతా తవ్వించాలా? పాడె మీద ఆమె ఎదురుచూస్తోంది, ఎండ ముదురుతోంది, పోలీసులు ఇచ్చిన వేళ అయిపోవస్తోంది. ఇదే అన్నాను. అని, పక్కన ఉన్న బొక్కెన తీసుకొని వాగులోకి దిగాను.

ఇసుక ఎక్కడుంది ఆ వాగులో? రాళ్ళ సందుల్లో, ట్రాక్టర్ తొట్టి అందని మూలల్లో చేతులతో గీకి గీకి ఎత్తాను. గోళ్ళు చిట్లాయి. మూడు బొక్కెన్లు దొరికింది. గుంట అడుగున పరిచాను. మూడు వేళ్ళ మందం కూడా రాలేదు. పాస్టరయ్య ఎందుకని అడగలేదు. వాళ్ళ పద్ధతి అనుకున్నాడో, నా పిచ్చి అనుకున్నాడో. దాని మీద ఆమెను దించారు.

ఇప్పుడు నేను హైవే పక్క కాలనీలో ఉంటున్నాను. వాడలో సగం చదును చేశారు, పొగగొట్టం కూడా కూల్చేశారు. ఈస్టర్‌కు మాత్రం పోతాను. అవ్వ తల దగ్గర ఒక కొవ్వొత్తి వెలిగిస్తాను. రెండోది చేతిలో పట్టుకొని వేపచెట్టు దాకా నడుస్తాను, మళ్ళీ వెనక్కి నడుస్తాను. ఆయన ఎక్కడున్నాడో తెలియదు. కొవ్వొత్తి అయిపోయేదాకా గట్టు మీద అటూ ఇటూ తిరిగి ఇంటికి వస్తాను.